వీధి వైపు తలుపు

పఠనాలయం తలుపు ఊడదీసిన రోజున మా ఆవిడ కంటతడి పెట్టలేదు. తోపుడు బండిని పిలిచింది. గోడలు కూల్చేవాళ్లు పదింటికి వస్తారని తెలిసి, తొమ్మిదింటికే వడ్రంగి చేత బందులు విప్పించి, రెండు రెక్కల్నీ బండి మీద వేయించి, పక్కనే నడుస్తూ ఇంటికి తీసుకొచ్చింది.

"తలుపు మనది కాదు కదా" అన్నాను.

"ఇరవై ఆరేళ్లు రోజూ తీసి వేసినదాన్ని. నాది కాకపోతే ఎవరిది?" అంది.

మధ్యాహ్నానికి పఠనాలయం ఇటుకల కుప్ప అయింది. తలుపు మా వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది.

అది మూడేళ్ల కిందటి మాట. మొదటినుంచీ చదువుతున్నవారికి తక్కినదంతా తెలుసు. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవారి కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. పఠనాలయం ఉన్న జాగాలో అపార్టుమెంటు కడతానని ఒక బిల్డరు ముందుకొచ్చాడు. అతన్ని రెండంతస్తులు ఎక్కువ కట్టుకోనిచ్చి, అందుకు బదులుగా నగరపాలక కార్యాలయం అతని చేత కొన్ని మాటలు రాయించుకుంది. వాటిని షరతులంటారు. నాలుగో షరతు మా పఠనాలయం. కూల్చినదానికి బదులు కింది అంతస్తులో మళ్లీ కట్టివ్వాలి. షరతులన్నీ నెరవేరాయని అధికారి చూసి సంతకం పెడితేనే పై అంతస్తుల్లో ఎవరైనా కాపురం పెట్టాలి.

భవనం పూర్తయింది. మా ఆవిడ దాన్ని చూడలేదు. ఆమె పోయి పదకొండు నెలలైంది. ఆమె చూసుకున్న నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు మా ఇంటి వెనక గదిలో పెట్టెల్లో ఉన్నాయి. గత వారం నాకు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చిన చోట ఆగాను. గురువారం పదకొండింటికి భవనం దగ్గరే షరతులు పైకి చదివి, ఒక్కొక్కటీ సరిచూస్తారట. వీధివాళ్ల తరఫున చదవవలసింది నేను.

గురువారం పదింటికే మా మరదలు వచ్చింది. మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. బట్టలు కుట్టడం ఆమె వృత్తి. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెని చూసినవాళ్లు తక్కువ.

"బావా, ఆ చొక్కాకి గుండీ లేదు."

"ఉన్నవి చాల్లే."

"అన్ని పుస్తకాలు చదివారు, ఒక్క గుండీ కుట్టుకోవడం రాదు. విప్పండి."

"ఆలస్యమవుతుంది."

"ఎవరికి? ఆ ఎల్లుండిగారికా?"

ఎల్లుండిగారంటే బిల్డరు. ఏది అడిగినా 'ఎల్లుండికల్లా అయిపోతుందండీ' అంటాడు కాబట్టి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. ఆ పేరు పెట్టింది మా మరదలే. అతను కట్టిన భవనంలో వీధి వైపు ఒక కొట్టు ఆమె కూడా రాయించుకుంది. పదిహేనేళ్లుగా ఎవరి ఇంటి మెట్ల కిందో మిషను వేసుకుని కుడుతోంది. గబుక్కున లేస్తే తల మెట్టుకి కొట్టుకుంటుంది. కొత్త కొట్టు తాళాల కోసం ఆరు నెలలుగా ఎల్లుండి, ఎల్లుండి అని వింటోంది.

"నువ్వు రాకపోయినా ఫరవాలేదు" అన్నాను. "నీ తాళాలు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. నా పక్కన నిలబడితే..."

"నేను నిలబడేది మా అక్క పక్కన. మధ్యలో మీరున్నారంతే" అంటూ దారం పంటితో కొరికి, చొక్కా నా చేతికిచ్చింది.

భవనం ముందు మూడు షట్టర్లు దించి ఉన్నాయి. వాటి పక్కన పెద్ద గాజు తలుపు, లోపల పాలరాతి హాలు. గాజు తలుపు వెనక బల్ల వేసుకుని కాపలా ఆయన కూర్చున్నాడు. నా వయసు వాడే.

"ఏ ఫ్లాటుకండీ?"

"ఫ్లాటుకి కాదు. పఠనాలయానికి."

"పేరు, ఏ ఫ్లాటు, ఎవరిని కలవాలి, ఏం పని, అన్నీ రాయాలండీ."

"ఎవరినీ కలవక్కర్లేదు. చదువుకోవడానికి వచ్చాం అనుకోండి."

ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి గడి లేదండీ" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ.

"చదువుకోవడం పని కిందికి రాదట బావా. ముప్పై నాలుగేళ్లు బడిలో జీతం ఊరికే తీసుకున్నారు" అంది మా మరదలు.

అంతలో తనిఖీకి ఇంజనీరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, కాళ్లకి రబ్బరు బూట్లు, చంకలో దస్త్రం. కాపలా ఆయన ఆమెనీ అదే ప్రశ్న అడిగాడు. ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, ఓపిగ్గా అన్ని గడులూ నింపింది. తర్వాత తన దస్త్రం తెరిచి, అందులోనూ ఏదో ఒక ముక్క రాసుకుంది.

ఎల్లుండిగారు చేతులు జోడించుకుంటూ వచ్చాడు. లావుపాటి మనిషి, నవ్వుముఖం. అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టం. మూడేళ్లుగా నేను పడుతున్న కష్టాల్లో అదొకటి.

"మాస్టారూ! మీరే చదవాలట. మీ గొంతులో వింటే షరతులు కూడా పద్యాల్లా ఉంటాయండీ."

"పద్యమైతే అప్పజెప్పమంటాను" అన్నాను.

మొదటి మూడు షరతులూ తొందరగానే అయ్యాయి. మురుగునీటి కాలువ కట్టారు. కాలిబాట వేశారు. నాటవలసిన పదకొండు చెట్లలో పది నేలలో ఉన్నాయి, ఒకటి కుండీలో.

"ఇది చెట్టా?" అంది ఇంజనీరమ్మ.

"పెరిగితే చెట్టేనండీ."

"పెరగాలంటే నేల కావాలిగా."

"ఎల్లుండికల్లా పాతించేస్తానండీ."

ఆమె తలెత్తలేదు. "తేదీ చెప్పండి."

అతనికి ఆ మాట కొత్త. నోరు రెండుసార్లు తెరిచి మూసి, చివరికి ఒక తేదీ చెప్పాడు. ఆమె రాసుకుంది. మా మరదలు నా చెవి దగ్గర, "ఇన్నాళ్లూ ఈ మంత్రం మనకి తెలీలేదు" అంది.

నాలుగోది చదివాను. 'కూల్చిన పఠనాలయానికి బదులుగా, అంతే విస్తీర్ణం గల పఠనాలయాన్ని కింది అంతస్తులో నిర్మించి ప్రజలకు అప్పగించాలి.'

ఎల్లుండిగారు మమ్మల్ని హాల్లోంచి లోపలికి తీసుకెళ్లాడు. గది బాగుంది. అబద్ధం ఎందుకు, పాతదానికన్నా బాగుంది. ఎత్తున కిటికీలు, నున్నటి చెక్క అరలు, గోడ పొడవునా కూర్చునే బల్లలు. మా మరదలు టేపుతో ఒక మూల నుంచి ఇంకో మూలకి కొలిచి, "జానెడు ఎక్కువే ఉంది" అని ఒప్పుకుంది.

ఇంజనీరమ్మ గది మధ్యలో నిలబడి చుట్టూ తిరిగి చూసింది. "దీనికి దారి?"

"మనం వచ్చిందే కదండీ. హాల్లోంచి."

"వీధిలో నడిచే మనిషి లోపలికి ఎలా వస్తాడు?"

"పేరు రాసి వస్తాడండీ. పైన కొనుక్కున్నవాళ్లు ఊరుకోరు కదా, ఎవరు పడితే వాళ్లు వస్తే. వీధి వైపు కొట్లు వచ్చాయి." అతను నా వైపు తిరిగాడు. గొంతులో వెటకారం లేదు. "వీధి వైపు తలుపు పెట్టాలని షరతులో ఉంటే పెట్టేవాణ్ణే మాస్టారూ. ఇప్పుడు మీరే చదివారు. ఎక్కడుంది?"

లేదు. ఎందుకు లేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

షరతులు ఎలా ఉండాలో రాసివ్వమని మూడేళ్ల కిందట కార్యాలయం వీధివాళ్లని అడిగినప్పుడు, చిత్తుప్రతి రాసింది మా ఆవిడ. 'వీధిలోంచి నేరుగా, ఎవరినీ అడగక్కర్లేకుండా, ఎవరైనా లోపలికి రాగలిగేలా తలుపు ఉండాలి' అని అందులో ఒక వాక్యం రాసింది. సరిదిద్దమని నాకిచ్చింది. నేను ఎర్రసిరాతో ఆ వాక్యం కొట్టేశాను. ప్రజలకు అప్పగించాలి అన్నాక ఇది చెప్పనక్కర్లేదు, చెప్పినదే చెప్పినట్టవుతుంది అన్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లల వ్యాసాల్లో అదే పని చేశాను. ఆమె ఆ కాగితం కాసేపు చూసి, "సరే మాస్టారూ" అంది. నేను గెలిచినప్పుడు మాత్రమే ఆమె నన్ను మాస్టారూ అనేది. నేను గెలిచానని నేననుకున్నప్పుడు.

"ఆ వాక్యం ఉండేది" అన్నాను. "కొట్టేసింది నేనే. అక్కర్లేదనుకున్నాను."

ఎల్లుండిగారే ముందు తల దించుకున్నాడు.

"రాసి ఉన్నదాన్నే నేను అడగగలను సార్" అంది ఇంజనీరమ్మ, మెత్తగానే. తర్వాత కాగితం మీదికి వంగింది. "మీరు పూర్తిగా చదవలేదు. అంచున ఏదో ఉంది."

కళ్లజోడు సరిచేసుకుని చూశాను. నా వాక్యం అయిపోయాక, కాగితం అంచు వెంబడి గుండ్రటి చిన్న అక్షరాల్లో మూడు మాటలున్నాయి. 'జతపరిచిన పటం ప్రకారం.' పక్కన బిల్డరు పొట్టి సంతకం.

ఆ అక్షరాలు నావి కావు. మా ఆవిడవి. ఆ కాగితం కార్యాలయంలో ఇచ్చి వచ్చింది ఆమే.

ఇంజనీరమ్మ దస్త్రం వెనక్కి తిప్పింది. గుండుసూది ఉంది. సూదికి చిరిగిన కాగితం మూల ఒకటి చిక్కుకుని ఉంది. పటం లేదు.

"మీకు గుర్తుందా?" అని బిల్డరుని అడిగింది.

"లేదండీ. మూడేళ్లలో ఎన్ని కాగితాలో." ఆ మాట నిజమే అనిపించింది నాకు.

ఆమె గడియారం చూసుకుంది. "నాలుగింటిదాకా ఇక్కడే ఉంటాను, మేడ మీద ఇళ్లు చూడాలి. ఈలోగా ఆ పటం రెండో ప్రతి ఎక్కడైనా ఉంటే తెండి. లేకపోతే ఉన్నదాని మీద సంతకం పెట్టాలి నేను."

ఇంటికి వస్తున్నంతసేపూ మా మరదలు నన్ను తిట్టలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

"ఉంచి ఉంటే ఎక్కడుంచుతుంది అక్క?" అంది, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

నాకు తెలుసు. పదకొండు నెలలుగా నేను తెరవనిది ఒకటే ఉంది ఇంట్లో. పుస్తకాల రిజిస్టరు. పఠనాలయం గడపలోకి వచ్చిన ప్రతి వస్తువుకీ మా ఆవిడ వరుస నంబరు వేసి, ముద్ర కొట్టి, తేదీ, ఎవరిచ్చారు, ఇచ్చినవారి సంతకం, చివరి గడిలో ఒక మాట రాసేది. పుస్తకాలకే కాదు, గోడగడియారానికి నంబరుంది. ఎవరో మరిచిపోయి వెళ్లిన గొడుక్కీ ఉంది. 'ఇచ్చినవారు: వాన' అని రాసి ఉంటుంది దాని ఎదురుగా.

రిజిస్టరు బల్ల మీద పెట్టాను. తెరిచింది మా మరదలు. చివరి పేజీలో చివరి వరుస మీద వేలు పెట్టి, పైకి చదివింది.

"నాలుగు వేల రెండు వందల పద్దెనిమిది. పటం, ఒకటి. ఇచ్చినవారు, బిల్డరు. ఇదిగో సంతకం. చివర్న..." అక్కడ ఆగి, రిజిస్టరు నా వైపు తిప్పింది.

చివరి గడిలో ఇలా ఉంది: 'మాస్టారు కొట్టేసిన వాక్యం ఇందులో ఉంది.'

నేను కూర్చున్నాను. మా మరదలికి ముందు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నాకూ వచ్చింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో నేను లెక్కపెట్టలేదు. వెనక గదిలో పుస్తకాలున్నాయి, వాటికి వినపడే ఉంటుంది.

చివరి పెట్టెలో, చివరి రెండు పుస్తకాల మధ్య పటం నాలుగు మడతలు పెట్టి ఉంది. వరండాలో, వెలుతురులో విప్పాం. బిల్డరు దగ్గర పనిచేసే నక్షా గీసేవాడు గీసినదే, అడుగున వాళ్ల ముద్ర ఉంది. వీధి వెంబడి రెండు కొట్లు. ఆ రెండింటి మధ్య తలుపు, రెండు రెక్కలు, తెరుచుకునే గీతలతో సహా. తలుపు వెనక పఠనాలయం. తలుపు దగ్గర అంకెలు: నాలుగున్నర అడుగులు, ఏడడుగులు.

మా మరదలు వేలు ఆ తలుపు మీద చాలాసేపు ఆగింది. తర్వాత లేచి, మెడలోంచి టేపు తీసి, గోడకి ఆనించి ఉన్న పాత తలుపుని కొలిచింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.

"నాలుగున్నర. ఏడు" అంది.

మా ఆవిడ ఆ తలుపుని ఇంటికి తెచ్చింది జ్ఞాపకానికనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. కొత్త గుమ్మం కొలత దానికి సరిపోయేలా గీయించాకే తెచ్చింది. అది మా వరండాలో విశ్రాంతి తీసుకోవడం లేదు, వంతు కోసం నిలబడి ఉంది. దాని మీద చెయ్యి వేసి కాసేపు ఉన్నాను.

"పదండి బావా, నాలుగవుతోంది" అంది మా మరదలు. రిజిస్టరు ఆమే చంకన పెట్టుకుంది. పటం కూడా ఆమే పట్టుకుంది.

కాపలా ఆయన తన పుస్తకం పక్కకి జరిపి బల్ల ఖాళీ చేశాడు. మా మరదలు పటం విప్పి ఇంజనీరమ్మ ముందు పరిచింది. ఆమె చూసి, గాజు తలుపు తోసుకుని వీధిలోకి వెళ్లి, షట్టర్లు చూసి, తిరిగొచ్చింది.

"పటంలో రెండు కొట్లు. బయట మూడు షట్టర్లు" అంది. "తలుపు ఉండవలసిన చోట మధ్య కొట్టు వచ్చింది."

ఎల్లుండిగారు రిజిస్టరులో తన సంతకాన్ని చూస్తున్నాడు. మెల్లిగా అతని పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. నవ్వుతున్నాడు.

"ఇచ్చినవారు అని రాసి, ఇక్కడ సంతకం పెట్టండి బాబూ అంది మాస్టారూ, ఆవిడ. ఏదో దానం చేస్తున్నాననుకుని గొప్పగా పెట్టేశాను. టీ కూడా ఇచ్చింది." కళ్లు తుడుచుకున్నాడు. "నాకు గుర్తే లేదు. నిజంగా. కొట్లు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, ఇంకోటి వేసేద్దామన్నారు మావాళ్లు, సరే అన్నాను."

ఇంజనీరమ్మ రాస్తూ, రాసినది పైకి చదివింది. "నాలుగో షరతు నెరవేరలేదు. మధ్య కొట్టు తొలగించి పటం ప్రకారం తలుపు పెట్టేవరకు పై అంతస్తుల్లో కాపురాలకు అనుమతి లేదు. తలుపు తేదీ?"

"ఎల్లు..." అని ఆగిపోయాడు. ఈసారి మా మరదలు నవ్వలేదు.

"తేదీ నేను చెప్పలేనండీ" అన్నాడు. నవ్వు పూర్తిగా పోయింది. "మధ్య కొట్టు రాసిచ్చేశాను. మిగతా రెండూ కూడా అయిపోయాయి. వాళ్లు ఒప్పుకోనిదే షట్టరు మీద చెయ్యి వేయలేను."

"ఎవరికి రాసిచ్చారు?"

అతను ఇంజనీరమ్మని చూడలేదు. నన్ను చూశాడు, వింతగా. "మాస్టారికి చెప్పలేదామ్మా?" అని మా మరదలిని అడిగాడు.

ఆమె టేపుని వేలికి చుట్టుకుంటోంది. చుట్టడం పూర్తయ్యాక సంచీలోంచి ఒక కాగితం తీసి, పటం పక్కన పెట్టింది. రెండో నంబరు కొట్టు, మూడింటిలో మధ్యది. కింద ఆమె సంతకం, అతని సంతకం.

ఇంజనీరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇరవై రోజులు" అంది చివరికి. "మీరు ఈమెకి ఇంకో చోటు చూపించండి, లేదా ఈమె తనంతట తను వదులుకోవాలి. ఎలాగైనా ఇద్దరూ కలిసి నా ఆఫీసుకి రండి." దస్త్రం కట్టుకుని, కాపలా ఆయన పుస్తకంలో బయటికి వెళ్లే సమయం కూడా రాసి వెళ్లింది.

మేమిద్దరం వీధిలోకి వచ్చాం. మధ్య షట్టరు ముందు ఆమె అడుగు నెమ్మదించలేదు. మలుపు తిరిగాక అడిగాను.

"ఇంట్లో పటం విప్పినప్పుడే చూశావా?"

"చూశాను."

"చెప్పలేదేం?"

"చెబితే మీరు పటం తెచ్చేవారా బావా?"

ఆమె నా చొక్కా వైపు చూసింది.

"ఆ గుండీ రంగు కలవలేదు. మారుస్తాను, రేపు పంపండి" అని, తన మెట్ల కిందికి తల వంచి వెళ్లింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.

ఇరవై రోజుల్లో ఇవాళ మొదటి రోజు అయిపోయింది. మధ్య షట్టరు దించే ఉంది, పాత తలుపు మా వరండాలోనే ఉంది. కొట్టు వదులుకుంటానని గానీ వదులుకోనని గానీ మా మరదలు చెప్పలేదు. నేనూ ఇంకా అడగలేదు.